డెల్ఫీన్ పోలిష్, సిప్రియన్ ఒజిబ్వే. సరే, అది కథలో ఎక్కడుంది?

గోదారిగట్టు:

లూయీస్ ఎర్డ్రిక్ (ఎర్డ్రిచ్ కాదు, చివర 'క్' పలకాలి) రాసిన 'ది మాస్టర్ బుచర్స్ సింగింగ్ క్లబ్' నిన్న రాత్రి ముగించాను. 2003లో వచ్చిన నవల. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఫిడెలిస్ అనే జర్మన్ ఒక సూట్‌కేసు నిండా సాసేజీలు పెట్టుకుని అమెరికా వస్తాడు. దారిపొడవునా అవి అమ్ముకుంటూ, డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ దిగిపోతాడు. ఆ ఊరు నార్త్ డకోటాలో ఆర్గస్. అక్కడే మాంసం కొట్టు పెడతాడు. అదే ఊరికి డెల్ఫీన్ వాట్స్కా, సిప్రియన్ లజార్ వస్తారు. ఊరూరా తిరిగి బ్యాలెన్సింగ్ ప్రదర్శనలిచ్చే జంట. పేర్చిన కుర్చీల మీద సిప్రియన్ తలకిందులుగా నిలబడితే, కింద బల్లలాగా ఒంగి ఆ బరువంతా పొట్ట మీద మోసేది డెల్ఫీన్.

నా సందేహం ఇదీ. డెల్ఫీన్ పోలిష్ (పోలండ్ మూలాలు), సిప్రియన్ ఒజిబ్వే (అమెరికాలో ఒక స్థానిక తెగ) అని రచయిత్రి చెప్పింది, మనం ఒప్పుకున్నాం. పోలిష్ అనగానే కాథలిక్కులు, జపమాల, మేరీమాత పటం కదా మన ఊహ? డెల్ఫీన్‌ని నడిపించేది ఆ భక్తి కాదు. జబ్బుపడ్డ స్నేహితురాలికి సేవ చేస్తుంది, తాగుబోతు తండ్రి ఇల్లు కడుగుతుంది, కొట్లో పని చూసుకుంటుంది. సిప్రియన్ కూడా అంతే. యుద్ధం చూసి వచ్చిన మనిషి, మగవాళ్ళ మీద ఇష్టాన్ని దాచుకుని బతుకుతాడు. తెగ ఆచారాలేవీ చేస్తూ కనిపించడు. మరి ఈ ఇద్దరి జాతి పేర్లు చెరిపేసి చదివితే కథ మారుతుందా? నాకైతే మారదేమో అనిపించింది. కాదంటే చెప్పండి, తిట్టకండి.

నల్లమిరియం:

తిట్టంలెండి. కానీ అన్నం తినకుండా పెరుగు బాగాలేదన్నట్టుంది. ఎర్డ్రిక్ నవలలు చాలావరకు ఒకే ఊళ్ళ చుట్టూ తిరుగుతాయి, ఒకే కుటుంబాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. లజార్ ఇంటిపేరు 'లవ్ మెడిసిన్'లోనూ ఉంది. సిప్రియన్ మౌనం అర్థం కావాలంటే ముందు పౌలీన్‌ని కలవాలి.

'ట్రాక్స్' (1988) చదివారా? అందులో కథ చెప్పేది ఇద్దరు. ఒకరు నానాపుష్ అనే ఒజిబ్వే ముసలాయన, రెండోది పౌలీన్ పుయట్. ఆ అమ్మాయిది మిశ్రమ రక్తం. తనలోని తెల్ల భాగమే తనకి కావాలి, కెనడా తాతలాగా ఉండాలని ఆశ. కాన్వెంట్‌లో (బడి కాదు, నన్‌ల మఠం) చేరాక ఆమెకి ఒక దర్శనం అవుతుంది: నువ్వు అసలు ఇండియన్‌వి (అంటే అమెరికా స్థానిక తెగ మనిషివి) కావు అని దేవుడే చెప్పినట్టు. ఎంత అనుకూలమైన దేవుడో చూడండి. ఆ తర్వాత సిస్టర్ లియోపోల్డాగా మారిపోతుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ఆ చెప్పుల సంగతి. పశ్చాత్తాపం కోసం కుడి బూటు ఎడమ కాలికి, ఎడమ బూటు కుడి కాలికి వేసుకుని నడుస్తుంది. రోజుకి ఇన్నిసార్లే ఒంటేలుకి వెళ్ళాలని కూడా మొక్కు. నానాపుష్ అది కనిపెట్టి, గ్లాసు మీద గ్లాసు టీ పోసి, వానల గురించి, వరదల గురించి కథ చెబుతూ కూర్చుంటాడు. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు వచ్చాయి నాకు. తర్వాత తలుచుకుంటే భయం కూడా వేసింది. ఆమె మొక్కుని ఓడించడానికి ఆయన వాడిన ఆయుధం కథే కదా, ఒజిబ్వేవాళ్ళ పాత ఆయుధం.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ కథలోని సరస్సులో మిషిపెషు అనే నీటి ఆత్మ ఉంటుందని తెగ నమ్మకం. పౌలీన్ ఆ నమ్మకాన్ని వదిలేసిందా? ఎక్కడ వదిలింది! దానికి సైతాను అని పేరు మార్చింది, అంతే. ఆ సైతానునే చంపుతున్నాననుకుని ఒక మనిషిని జపమాలతో గొంతు నులిమి చంపేస్తుంది. తెగని కాదనుకున్న మనిషి తెగవాళ్ళందరికన్నా గట్టిగా ఆ సరస్సుని నమ్మింది.

బెజవాడబ్బాయి:

అయ్యబాబోయ్. నేను ఇది సాసేజీల నవల అనుకుని వచ్చాను.

వేకువచుక్క:

నల్లమిరియం గారు చెప్పిన లియోపోల్డాయే 'లవ్ మెడిసిన్' (1984)లో మేరీ లజార్‌కి ఎదురవుతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల రిజర్వేషన్ నుంచి కొండ మీది కాన్వెంట్‌కి ఎక్కుతుంది. (రిజర్వేషన్ అంటే మన కోటా కాదండోయ్, తెగకి మిగిల్చిన భూమి.) తనే ఒక సెయింట్ అయిపోవాలని, ఆ నన్‌లు తన ముందు మోకరిల్లాలని ఆ పిల్ల కోరిక. లియోపోల్డా ఆమె వీపు మీద మరిగే నీళ్ళు పోస్తుంది, అరచేతిలో ఫోర్కు దించుతుంది. స్పృహ వచ్చేసరికి నన్‌లు నిజంగానే మోకరిల్లి ఉంటారు. ఆ గాయాన్ని క్రీస్తు గాయంలాంటి అద్భుతమని లియోపోల్డా వాళ్ళకి చెప్పేసింది!

చేతిలో ఒకే ఒక్క గాయం. అటు నుంచి చూస్తే దైవకృప, ఇటు నుంచి చూస్తే దెబ్బ. క్రైస్తవ మిషన్ల గురించి ఎన్ని వ్యాసాలు చదివినా నాకు ఇంత స్పష్టంగా అర్థం కాలేదు. పైగా మేరీ ఆమె కన్నకూతురే. ఆ సంగతి అప్పటికి మేరీకి తెలియదు.

మోడరేటర్:

ముఖ్యమైన మలుపులు చెప్పేముందు 'కథ బయటపడుతుంది' అని పైన రాయండి. వేకువచుక్క గారూ, మీకే.

గోదారిగట్టు:

ఇవన్నీ ఒజిబ్వే వైపు సంగతులు, బాగున్నాయి. మరి పోలిష్ వైపు? డెల్ఫీన్ ఇంటిపేరు మార్చి ఐరిష్ పేరు పెడితే ఏం పోతుంది?

పాతపుస్తకం:

చాలా పోతుందండీ. కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను, ఓపిక పట్టండి.

1772, 1793, 1795. ఈ మూడు విడతల్లో రష్యా, ప్రష్యా (ఒక జర్మన్ రాజ్యం), ఆస్ట్రియా కలిసి పోలండ్‌ని పంచేసుకున్నాయి. మళ్ళీ 1918 దాకా, అంటే 123 ఏళ్ళు, మ్యాపులో ఆ దేశం లేదు. లేని దేశం వాళ్ళు తమని తాము ఏమని చెప్పుకుంటారు? ఒకవైపు ప్రొటెస్టెంట్ ప్రష్యా, ఇంకోవైపు ఆర్థొడాక్స్ రష్యా. మధ్యలో 'నేను కాథలిక్కుని' అంటే 'నేను పోలిష్' అన్నట్టే అయిపోయింది. అక్కడ చర్చి మోక్షం కోసం ఎంతో, భాష కోసం కూడా అంతే. 1901లో వ్రెష్న్యా అనే ఊళ్ళో ప్రష్యా బడి వాళ్ళు మతపాఠం జర్మన్‌లో చెప్పాలన్నారు. పిల్లలు జర్మన్‌లో జవాబు చెప్పం అన్నారు. బెత్తాలతో కొట్టారు. గొడవ చేసిన తల్లిదండ్రులని జైల్లో పెట్టారు. పిల్లలు ప్రార్థన మానేస్తామనలేదు, మా భాషలో చేస్తామన్నారు.

అమెరికా వచ్చాక ఏమైంది? ఇక్కడ కాథలిక్కు చర్చి ఉంది గానీ బిషప్పులు ఎక్కువమంది ఐరిష్ వాళ్ళు. పోలిష్ కూలీలు పైసా పైసా పోగేసి గుడి కడితే, దాని పత్రాలు బిషప్పు పేరు మీద. ఆ తగాదాలోంచే 1897లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఫ్రాంచిషెక్ హొడుర్ అనే ఫాదర్ వేరుపడి పోలిష్ నేషనల్ కాథలిక్ చర్చి పెట్టాడు. తర్వాత అందులో లాటిన్ తీసేసి పోలిష్‌లోనే మాస్ (చర్చి పూజ) చెప్పడం మొదలుపెట్టారు. అందుకే గోదారిగట్టు గారూ, ఐరిష్ పేరు పెడితే ఆమె చర్చిలో యజమాని వరస అయిపోతుంది. పోలిష్ పేరుంటే ఆ చర్చిలో కూడా వెనక బెంచీ మనిషే. ఆర్గస్ లాంటి జర్మన్ల ఊళ్ళో మరీనూ.

ఇంకొకటి. జర్మన్ కొట్లో పోలిష్ అమ్మాయి పనికి చేరడం ఊరికే పెట్టిన ఏర్పాటు కాదు. ఫిడెలిస్ సోదరి, ఆ 'టాంటె' (జర్మన్‌లో అత్త), డెల్ఫీన్‌ని చూసే చూపు గుర్తు తెచ్చుకోండి.

బెజవాడబ్బాయి:

చరిత్ర క్లాసుకి హాజరు వేశారా సార్? నేను ప్రెజెంట్.

పాతపుస్తకం:

నవ్వండి నవ్వండి. మీకోసమే ఒక కథ దాచాను. సర్కస్ కథ.

'క్వో వాడిస్' రాసిన హెన్రిక్ షెన్‌కెవిచ్ (1905లో నోబెల్ వచ్చింది) 1876 నుంచి రెండేళ్ళు అమెరికాలో తిరిగాడు. 1883లో 'సాచెమ్' (అంటే తెగ నాయకుడు) అనే చిన్న కథ అచ్చువేశాడు. టెక్సస్‌లో యాంటెలోప్ అనే ఊరు. ఒకప్పుడు అక్కడ నల్లపాముల తెగ ఉండేది. జర్మన్ వలసదారులు ఒక్క రాత్రిలో ఆ తెగని ఊచకోత కోసి, అదే నేల మీద చక్కటి ఊరు కట్టుకున్నారు. బీరు, బడి, సంగీత సంఘం అన్నీ ఉన్నాయి. పదిహేనేళ్ళ తర్వాత ఊరికి సర్కస్ వస్తుంది. తీగ మీద నడిచే మొనగాడు ఎవరయ్యా అంటే ఆ తెగ నాయకుడి కొడుకు, మిగిలిన ఒకే ఒక్కడు. తీగ మీద నిలబడి ప్రతీకార గీతం అందుకుంటాడు. జనానికి చెమటలు పడతాయి. పెద్ద దీపం వైపు నడుస్తాడు. ఇక తగలబెట్టేస్తాడు అనుకుంటారు. చటుక్కున మాయమై, మళ్ళీ వచ్చేసరికి చేతిలో రేకు పళ్ళెం. నల్లపాముల్లో చివరివాడికి ఏదైనా వేయండి బాబూ అని అడుక్కుంటాడు. జనం ఊపిరి పీల్చుకుని చిల్లర వేస్తారు.

అప్పటి పోలిష్ పాఠకులకి ఇందులో ఇండియన్ కనిపించలేదు, జర్మన్ల కింద నలుగుతున్న తామే కనిపించారు. ఇప్పుడు ఎర్డ్రిక్ నవల పక్కన పెట్టండి. జర్మన్ల ఊరు, పాటల సంఘం, బ్యాలెన్స్ చేసే స్థానిక తెగ మనిషి, అతన్ని పొట్ట మీద మోసే పోలిష్ అమ్మాయి. ఆవిడ ఆ కథ చదివి రాసిందని నేననను. కానీ 120 ఏళ్ళ తేడాతో రెండు గుడారాలు ఒకే చోట వేసినట్టుంది.

నల్లమిరియం:

'సాచెమ్' సంగతి భలే పట్టుకొచ్చారు. కానీ పాతపుస్తకం గారూ, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది కూడా. పోలిష్ వాళ్ళు తమ బాధ చెప్పుకోవడానికి ఇండియన్‌ని వేషం వేయించారు. ఆ కథ వచ్చిన 1883లోనే అమెరికా ప్రభుత్వం తెగల నృత్యాలని, వైద్యుల క్రతువులని నేరాలుగా లెక్కగట్టి నిబంధనలు పెట్టింది. ఆచారాలకి చట్టరక్షణ అంటూ వచ్చింది 1978లో. అసలు ఇండియన్‌ది దేవుడి పేరెత్తితే కూడు ఆపేసే పరిస్థితి, అసలు పోలిష్ వాడిది ఆ ఖాళీ అయిన భూమిలో పొలం కొనుక్కునే పరిస్థితి. 1887 డాస్ చట్టం, మిన్నెసోటాలో 1889 నెల్సన్ చట్టం: తెగ ఉమ్మడి భూమిని ముక్కలు చేసి, 'మిగులు' పేరుతో బయటివాళ్ళకి తెరిచేశారు. వచ్చిన వలసదారుల్లో వ్రెష్న్యా లాంటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉండరా?

పోలండ్‌కి 1918లో దేశం తిరిగొచ్చింది. వీళ్ళకి ఏం తిరిగొచ్చింది? సిప్రియన్ ఏ దేశం కోసం యుద్ధం చేశాడో, ఆ దేశం తెగల వాళ్ళందరినీ పౌరులుగా ఒప్పుకుంటూ చట్టం చేసింది 1924లో. ఆ లెక్కన జర్మనీ తరఫున తుపాకీ పేల్చిన ఫిడెలిస్‌కే ఊళ్ళో ముందు కుర్చీ.

పాతపుస్తకం:

ఒప్పుకుంటాను. రెండు గాయాలూ ఒకటే అనలేదు, అన్నట్టు వినిపించి ఉంటే తప్పు నాదే. పొట్ట మీద ఎవరు ఎవరిని మోస్తున్నారు అన్నది మాత్రం వదలను.

మంచుగడ్డ:

పుస్తకాల మీద మీ అంత చదువు లేదు గానీ, నేను మిన్నియాపొలిస్ ఈశాన్య వైపు ఉంటాను. పాత పోలిష్ పేట. ఇక్కడి హోలీ క్రాస్ చర్చి 1886లో పెట్టింది. నాతో పనిచేసే ఒకాయన పోయిన క్రిస్మస్ ముందురోజు భోజనానికి పిలిచాడు, 'విగీలియా' అంటారు. ఆయన చర్చికి వెళ్ళడు, దేవుడు లేడంటాడు కూడా. అయినా మొదటి చుక్క పొడిచేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు. పిల్లలు కిటికీ దగ్గర కాపలా. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని కింద ఎండుగడ్డి (చెయ్యి పెడితే గుచ్చుకుంది), మాంసం లేదు, నాలాంటి శాకాహారికి పండగే. ఒక కంచం ఎక్కువ పెట్టారు. ఇంకెవరొస్తున్నారు అని అడిగాను. ఎవరైనా రావచ్చు కదా, ఆ చోటు అనుకోని అతిథిది అన్నాడు.

భోజనానికి ముందు 'ఒప్వాటెక్' అనే రేకు పంచారు. మన పూతరేకు కన్నా కాస్త మందం, తీపి ఉండదు, పైన ఏసు పుట్టిన బొమ్మ అచ్చువేసి ఉంటుంది. నా రేకులోంచి నువ్వో ముక్క, నీ రేకులోంచి నేనో ముక్క విరుచుకుని ఒకరికొకరు మంచి కోరుకోవాలి. ఆ దేవుడు లేడన్న పెద్దమనిషి వాళ్ళమ్మ రేకు విరుస్తూ ఏడ్చేశాడు. గోదారిగట్టు గారు అడిగిన 'పోలిష్ ఎక్కడుంది' అన్నదానికి నాకు తెలిసిన జవాబు ఆ బల్ల.

డులూత్_దుప్పటి:

మంచుగడ్డ గారూ, మనం మూడు గంటల దూరంలోపే ఉన్నాం, ఎప్పుడైనా కలుద్దాం.

బల్ల అన్నారు కాబట్టి నేనూ తిండి నుంచే వస్తాను. ఇక్కడ ఒజిబ్వేవాళ్ళ 'మనూమిన్' దొరుకుతుంది, నల్లగా పొడుగ్గా ఉండే గింజ. వైల్డ్ రైస్ అంటారు గానీ మన వరి కాదు, సరస్సులో దానంతటది పెరిగే గడ్డి. మొదటిసారి కుక్కర్లో పెట్టి ముద్ద చేసి పడేశాను. వాళ్ళ పెద్ద కథ ప్రకారం, తూర్పు సముద్రతీరం నుంచి పడమటికి నడిచీ నడిచీ, నీటి మీద తిండి మొలిచే చోట ఆగమని ఆదేశం. అది ఈ నేలే. ఆగస్టు, సెప్టెంబర్లలో పడవకి ఇద్దరు. ఒకరు గెడ వేస్తారు, రెండోవాళ్ళు రెండు కర్రలతో కంకుల్ని పడవలోకి వంచి మెల్లగా తడతారు. కొన్ని గింజలు నీళ్ళలో పడాలి, వచ్చే ఏటికి అదే విత్తనం. మొదలుపెట్టేముందు నీటికి చిటికెడు పొగాకు సమర్పిస్తారు. దీన్ని మతం అనాలా, వ్యవసాయం అనాలా? వాళ్ళకి ఆ రెండింటికీ మధ్య గోడ లేదు.

భాషలో కూడా అంతే. ఒజిబ్వేలో నామవాచకాలు ప్రాణమున్నవి, లేనివి అని రెండు రకాలు. మన మహద్వాచకం, అమహద్వాచకం లాగా అనుకోండి, కానీ గీత వేరే చోట గీశారు. రాయి, 'అసిన్', ప్రాణమున్న వైపు ఉంటుంది.

అలాగని చర్చిని అవతలకి నెట్టేశారనుకోకండి. క్రైస్తవ గీతాలు ఒజిబ్వే భాషలోకి తెచ్చుకున్నారు. వైట్ ఎర్త్ రిజర్వేషన్‌లో ఎవరైనా పోతే రాత్రంతా శవజాగరణలో నెమ్మదిగా, సాగదీసి అవే పాడతారు. తెచ్చింది మిషనరీలు, పాడుతున్నది మాత్రం వాళ్ళ దుఃఖం.

అక్షింతలు:

డులూత్ గారి ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా నాన్నమ్మ పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు పాడేది. ఆ పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఎవరైనా 'మీది తెల్లోళ్ళ మతం కదా' అంటే, ఆవిడ వాదించేది కాదు, ఇంకాస్త గట్టిగా పాడేది. అంతకు మించి పోలిక తేను. మాకు ఎవరూ భూమి లాక్కుని బైబిలు ఇవ్వలేదు.

ఎవరూ చెప్పని ఇంకో పోలిష్ పాత్ర ఉంది ఎర్డ్రిక్‌లో. సంగీతకర్త షోపెన్! 'ది లాస్ట్ రిపోర్ట్ ఆన్ ది మిరకిల్స్ ఎట్ లిటిల్ నో హార్స్' (2001)లో ఆగ్నెస్ అనే ఆమె ముందు నన్. కాన్వెంట్‌లో పియానో మీద షోపెన్ వాయిస్తుంటే మిగతా నన్‌లకి మనసు నిలవదు, ఆమెకీ నిలవదు. చివరికి కాన్వెంట్ వదిలేస్తుంది. 1912 వరదలో చనిపోయిన ఒక ఫాదర్ బట్టలు వేసుకుని, ఫాదర్ డేమియన్ పేరుతో ఒజిబ్వే రిజర్వేషన్‌కి వెళ్ళి 80 ఏళ్ళకు పైగా మగవాడిగా, పూజారిగా బతికేస్తుంది. ఊరిని మార్చడానికి వెళ్ళిన మనిషి, నానాపుష్ స్నేహంలో తనే సగం మారిపోతుంది. అక్కడ పియానో వాయిస్తే చర్చి కింది రాళ్ళలోంచి పాములు బయటికొస్తాయి. కాథలిక్కు పుస్తకంలో పాము అంటే ఏమిటో తెలుసు కదా? ఆ ఊరివాళ్ళు మాత్రం దాన్ని కీడుగా చూడరు. నాగస్వరం విన్న మనకి అసలే ఆశ్చర్యం లేదు.

షోపెన్ ఒళ్ళు పారిస్‌లో ఉంది, గుండె మాత్రం వార్సాలోని హోలీ క్రాస్ చర్చి స్తంభంలో. లేని దేశం వాళ్ళు ఒక సంగీతకారుడి గుండెని సెయింట్ల ఎముకల్లా దాచుకున్నారు. ఎర్డ్రిక్ జర్మన్ సంగీతకర్త బాఖ్‌ని ఎంచుకోకుండా ఇతన్ని ఎందుకు ఎంచుకుందో అనుకుంటూ ఉంటాను.

బెజవాడబ్బాయి:

సీరియస్‌గా ఒక డౌట్. సిప్రియన్‌ని కొందరు 'సగం ఇండియన్' అంటున్నారు. ఈ సగం, పావు లెక్క ఎవరు పెట్టారు?

డులూత్_దుప్పటి:

ప్రభుత్వం మొదలుపెట్టింది, తర్వాత తెగల సభ్యత్వ నియమాల్లోకి ఎక్కింది. మిన్నెసోటా చిప్పెవా ట్రైబ్‌లో (చిప్పెవా అన్నా ఒజిబ్వేనే) పావు వంతు రక్తం ఉండాలన్న నియమం 1960ల నుంచి. దాన్ని తీసేయాలా వద్దా అని వాళ్ళలోనే పెద్ద చర్చ. ముత్తాత నుంచి భిన్నాలు కూడుకుంటూ రావాలి. పోలిష్ అమెరికన్‌ని ఏ ఆఫీసూ 'నువ్వు ఎన్నో వంతు' అని అడగదు. ఎర్డ్రిక్ తండ్రి జర్మన్ సంతతి, తల్లి వైపు ఒజిబ్వే, ఫ్రెంచ్. తాత టర్టిల్ మౌంటెన్ తెగకి చైర్మన్‌గా చేశాడు. ఆవిడకి ఈ లెక్కలు ఇంట్లో సంగతులే.

వేకువచుక్క:

మోడరేటర్ గారూ, ఈసారి పైనే రాస్తున్నా. కథ బయటపడుతుంది, చదవనివాళ్ళు దాటేయండి.

గోదారిగట్టు గారూ, మీరు నవల ముగించానన్నారు. మరి ఆఖరి అధ్యాయం? డెల్ఫీన్ తన తల్లి ఎవరనుకుంది, అసలు ఎవరు? తండ్రి రాయ్ దాచుకున్న మసక ఫొటోలోని మిన్నీ ఆమె తల్లి కాదు. రాయ్ కన్నతండ్రీ కాదు. ఎవరో కని మరుగుదొడ్డి గుంతలో వదిలేసిన పసికందుని పైకి తీసింది, ఊళ్ళో పాత గుడ్డలేరుకునే స్టెప్-అండ్-ఎ-హాఫ్. ఆమే మిన్నీ. చిన్నతనంలో, 1890లో వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం తెగవాళ్ళ మీద జరిపిన కాల్పుల్లోంచి బతికి బయటపడ్డ స్థానిక తెగ మనిషి. ఈ రహస్యం మనకి తెలుస్తుంది, డెల్ఫీన్‌కి తెలియదు. అంటే 'వాట్స్కా' అన్న ఆ పోలిష్ పేరు రక్తంలోంచి రాలేదు, ఆ తాగుబోతు పెంచాడు కాబట్టి వచ్చింది. ఆ ప్రాణం నిలిచింది పోలిష్ చేతుల్లోనూ కాదు.

ఇప్పుడు చెప్పండి, జాతి పేర్లు చెరిపేసి చదువుదామా?

గోదారిగట్టు:

ఆ అధ్యాయం రాత్రి రెండు గంటలకి చదివాను, నిద్రమత్తులో గుంత దగ్గర భయపడి గబగబా పేజీలు తిప్పేశాను. ఇందాక మళ్ళీ తీసి కూర్చున్నాను. సగం వెనక్కి తీసుకుంటున్నాను నా మాట. సిప్రియన్ విషయంలో మాత్రం ఇంకా పట్టు వదలను. పౌలీన్‌కి కనీసం కొట్లాడటానికి ఒక సరస్సు ఇచ్చింది రచయిత్రి, ఇతనికి కుర్చీలే ఇచ్చింది.

నల్లమిరియం:

ఇతను దాచుకోవాల్సినవి రెండున్నాయి కదండీ, మగవాళ్ళ మీద ఇష్టం ఒకటి, తెగ ఒకటి. అన్ని కుర్చీల మీద నిలబడ్డవాడు చేతులు కదిపితే పడిపోడూ?

గోదారిగట్టు:

ఊఁ. దీనికి జవాబు ఆలోచించి రాస్తాను. ఈలోగా 'ట్రాక్స్' ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మా లైబ్రరీలో నా ముందు ఇద్దరు వరసలో ఉన్నారు.

డులూత్_దుప్పటి:

నా దగ్గరుంది, పంపిస్తాను. పాత కథలు మంచు పడ్డాకే చెప్పాలని ఒజిబ్వే పెద్దల నియమం. ఇక్కడ నిన్నే మొదటి మంచు పడింది, కాబట్టి నానాపుష్‌కి అభ్యంతరం ఉండదు. టీ మాత్రం తక్కువ తాగండి.